మూల మనిషి

మోకాలు పోయాక సీట్ల మేస్త్రికి పెద్ద బండి కూడా పోయింది. ఆపరేషను చేసిన డాక్టరు ఇక కాలు ఎత్తి అవతలికి వెయ్యొద్దన్నాడు. కాలు ఎత్తి అవతలికి వెయ్యకుండా మోటారు సైకిలు ఎక్కే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నల్ల బండి చలికాలమంతా దుకాణం వెనక రేకుల కింద గుడ్డ కప్పుకుని పడుకుంది. తర్వాత ఎవరో వచ్చి తోలుకుపోయారు. మేస్త్రి బయటికి రాలేదు. కుట్టు మిషను ముందు కూర్చుని, ఆ చప్పుడు వీధి చివర మలుపు తిరిగేదాకా విన్నాడు.

ఆయన పని బళ్ళకి సీట్లు కుట్టడం. స్పాంజి కోస్తాడు, పైన రెగ్జిను బిగించి లాగుతాడు, అంచు మడిచి చిన్న మేకులు కొడతాడు. ఊళ్ళో పెద్ద బండి ఉన్నవాళ్ళంతా ఆయన కుట్టు మీదే కూర్చుంటారు. ఎవరి బరువెంత, ఎవరు ఏ పక్కకి ఒరిగి కూర్చుంటారు, అన్నీ ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పడు. అసలు ఏదీ ఎవరికీ చెప్పడు. మేకులు నోట్లో పెట్టుకుని పనిచేసీ చేసీ మాట తగ్గిపోయిందని భార్య అంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతేనని అక్క అంటుంది.

ఆదివారం పొద్దున పెద్ద బళ్ళవాళ్ళు జట్టుగా బయల్దేరి కొండ మీది ఆనకట్ట దాకా వెళ్తారు. అక్కడ కాఫీ తాగి వస్తారు. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ జట్టు కట్టింది మేస్త్రి బావ, అంటే అక్క మొగుడు. ఆయనకి రొట్టెల బట్టీ ఉంది. మేస్త్రి మొదటి నుంచీ ఆ జట్టులో ఉన్నవాడే. వానైనా ఎండైనా మానలేదు. మోకాలు పోయాక ఆదివారాలు దుకాణంలో కూర్చున్నాడు. బళ్ళు వీధిలోంచి పోతుంటే చప్పుడు బట్టి ఎవరు ముందో, ఎవరు వెనకో లెక్కపెట్టుకునేవాడు. అవి పోయాక ఆ రోజంతా ఆయనకి ఏ పనీ చేతికి అంటేది కాదు. భార్య కొన్నాళ్ళు చూసింది. చూసి చూసి, ఒకరోజు స్కూటరు కొనిపించింది.

ఆ స్కూటరు మరీ చిన్నది కాదు, కూరల సంచీ తగిలించుకుని సందుల్లో దూరే రకం కాదు. అలాగని పెద్ద బళ్ళ పక్కన పెడితే పెద్దదీ కాదు. నడిమి రకం. కాలు ఎత్తే పని లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. కొండ ఎక్కేటప్పుడు మూలుగుతుంది గాని ఆగదు. మేస్త్రి ముందు దాని సీటు ఊడబీకి, తన చేత్తో మళ్ళీ కుట్టాడు. ఆ తర్వాతే ఎక్కాడు.

దాంతో పాటు భార్య ఒక నారింజ రంగు కోటు కూడా కొనుక్కొచ్చింది. కళ్ళు చెదిరే రంగు.

"ఇది వేసుకుంటే ఊరవతల నుంచి కూడా కనపడతారు," అంది.

"ఎవరికి?"

"లారీలవాళ్ళకి. ఇంకెవరికి?"

నల్ల తోలు కోటు చిలక్కొయ్యకి తగిలించే ఉంది. మేస్త్రి దాని వైపు ఒకసారి చూశాడు. నారింజ కోటే వేసుకున్నాడు. స్కూటరు ఇప్పించిన మనిషి మాట కోటు దగ్గర తీసెయ్యడం బాగుండదు.

కోటు వేసుకుని నేరుగా బావ బట్టీకి వెళ్ళాడు. బావ మోచేతుల దాకా పిండితో ఉన్నాడు. గుమ్మం దగ్గర పళ్ళ డాక్టరు రొట్టె కోసం నిలబడి ఉన్నాడు. ఆయన జట్టులో చేరి ఎక్కువ రోజులు కాలేదు గాని, అందరిలోకీ పెద్ద బండి ఆయనదే.

"ఆదివారం నేనూ వస్తాను బావా," అన్నాడు మేస్త్రి.

బావ బయటికి తొంగి చూశాడు. "దీని మీదా?"

"దీని మీదే."

"ఒరేయ్, ఇది స్కూటరు రా."

"నడిమిది."

"నడిమిదో, నడుం లేనిదో. స్కూటరు స్కూటరే కదా."

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రిగారూ, మీరంటే నాకు గౌరవం. నా సీటు మీరే కుట్టారు, పరుపులా ఉంది. కానీ చెప్పకపోతే తప్పవుతుంది. అన్ని పెద్ద బళ్ళ వెనకాల ఒక స్కూటరు వస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఎవరో పాలవాడు దారి తప్పి మనలో కలిశాడనుకుంటారు."

"వెనకాల రాను," అన్నాడు మేస్త్రి. "ముందొస్తాను."

బావ పడీ పడీ నవ్వాడు. పిండి ఎగిరింది. నవ్వు ఆగాక చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు.

"విను బావమరిదీ. కాదంటే ఇంట్లో మీ అక్క నాకు అన్నం పెట్టదు. అవునంటే వీళ్ళు నన్ను పీక్కుతింటారు. ఈ ఒక్క ఆదివారం రా. నా వెనకే, రెండో బండిగా రా. నీ వల్ల ఎవరూ ఆగకుండా, ఎవరికీ ఇబ్బంది రాకుండా పోయి వచ్చామా, జట్టులో ఉంటావు. ఏదైనా తేడా వచ్చిందా, ఇక ఆదివారాలు ఇంట్లోనే. మళ్ళీ నన్ను అడగొద్దు."

"సరే."

"అలగవుగా?"

"అలగను."

"అక్కకి చెప్పవుగా?"

మేస్త్రి స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ జట్టుకి ఒక పద్ధతి ఉంది. కొండదారిలో ఫోన్లు పనిచేయవు. బళ్ళ మధ్య ఎడం పెరిగితే ముందున్నవాడు వెనకవాడికి కనపడడు. అందుకని రోడ్డు చీలిన చోటల్లా, ముందు బండి వెనకాల ఉన్న రెండో బండి ఆగిపోతుంది. ఆ మనిషి మూల మీద నిలబడి, వచ్చేవాళ్ళకి ఎటు తిరగాలో చెయ్యి చాపి చూపిస్తాడు. అతన్ని మూల మనిషి అంటారు. అందరికన్నా వెనక వచ్చేవాడు ఆకుపచ్చ కోటు వేసుకుంటాడు. వాణ్ణి తోక అంటారు. తోక వచ్చి తిరిగేదాకా మూల మనిషి కదలకూడదు. పిడుగు పడ్డా కదలకూడదు. తోక వచ్చాక అతని ముందు కలిసిపోతాడు. దాటిపోయేవాళ్ళు మూల మనిషికి దండం పెట్టినట్టుగా కాలు కొంచెం బయటికి చాపి పోతారు. ఈ పద్ధతి ఉండబట్టే ముందు నడిపే బావ ఎప్పుడూ అద్దంలో చూడడు. మూల మీద మనిషి ఉన్నాక వెనక్కి చూడడమెందుకు అంటాడు.

రెండో బండిగా రమ్మన్నప్పుడు, మొదటి చీలిక దగ్గర మూల మనిషి స్కూటరువాడే అవుతాడని బావకి తట్టలేదు. మేస్త్రికి తట్టింది. చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. వంతెన దాటగానే అటు నుంచి వేరే ఊరి మోటారు సైకిళ్ళు ఎదురొచ్చాయి. పెద్ద బళ్ళవాళ్ళు ఎదురుపడితే ఒకరికొకరు చెయ్యి దించి పలకరించుకుంటారు. వాళ్ళు బావని పలకరించారు. మేస్త్రి దగ్గరికొచ్చేసరికి చేతులు హ్యాండిలు మీదికి పోయాయి. ఆయన్ని దాటాక మళ్ళీ దిగాయి. మేస్త్రి మాత్రం వరసగా అందరికీ చెయ్యి దించాడు. అలవాటు కొద్దీ.

ఎత్తు మొదలైంది. స్కూటరు మూలిగింది గాని బావకి దూరం కాలేదు. వెనకాల మూడో బండి పళ్ళ డాక్టరుది. దాని హెడ్‌లైటు అద్దంలో కాసేపు పెద్దదవుతూ, కాసేపు చిన్నదవుతూ ఉంది. ఒక పెద్ద మలుపు తిరిగాక అసలు కనపడలేదు.

మలుపు అవతల మూసేసిన పెట్రోలు బంకు ఉంది. అక్కడే రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే ఆనకట్ట. నేరుగా పోతే కంకర క్వారీ, దాని గేటుతో రోడ్డు ఆఖరు. బావ వెనక్కి చూడకుండా ఎడమకి తిరిగి కొండ చాటుకి పోయాడు. మేస్త్రి స్కూటరుని మూల మీదికి తెచ్చి స్టాండు వేశాడు. దిగాడు. మోకాలు ఒకసారి చాపి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి ఆనకట్ట వైపు చాపి నిలబడ్డాడు.

అక్కడికి కాస్త ఇవతల, వచ్చిన దారిలోనే, రోడ్డు పనివాళ్ళున్నారు. రోడ్డంచున తెల్ల గీత వేసుకుంటూ వస్తున్నారు. మరిగే రంగు పోసే చిన్న తోపుడుబండి, దాని వెనక ఒక లారీ. మనుషులంతా నారింజ రంగు కోట్లు వేసుకుని ఉన్నారు.

పళ్ళ డాక్టరు బండి మలుపు తిరిగి వచ్చింది. మేస్త్రి చెయ్యి ఇంకా గట్టిగా చాపాడు. బండి వేగం తగ్గలేదు. గాలి ముఖానికి కొట్టింది. బండి నేరుగా క్వారీ వైపు వెళ్ళిపోయింది.

"ఏయ్!" అని అరిచాడు మేస్త్రి.

దాని వెనకాలే ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. ముందుది ఎటు పోతే వెనకది అటే. మేస్త్రి రెండు చేతులూ ఊపాడు. స్కూటరు హారను మోగించాడు. అది పెద్ద బళ్ళ హోరులో ఈల వేసినట్టుంది. ఎవరూ కాలు బయటికి చాపలేదు. ఆఖరికి ఆకుపచ్చ కోటు వచ్చింది. ఆ రోజు తోక లెక్కల టీచరు, జట్టు కట్టిన నాటి నుంచీ మేస్త్రికి స్నేహితుడు. ఆయన మేస్త్రి వైపు చూశాడు కూడా. చూసి, ముందు పోయే ఎర్ర లైట్లని పట్టుకుని తనూ నేరుగా పోయాడు.

ఆ తర్వాత రోడ్డు మీద చప్పుడు లేదు.

మేస్త్రి స్కూటరు సీటు మీద పక్కవాటుగా కూర్చున్నాడు. ఆలోచించాడు. క్వారీ వైపు వాళ్ళ వెంట పడితే, బావ తిరిగొచ్చేసరికి మూల ఖాళీగా ఉంటుంది. బావ దగ్గరికి పోతే, వాళ్ళు తిరిగొచ్చేసరికి మూల ఖాళీగా ఉంటుంది. ఎటు కదిలినా స్కూటరువాడు మూల వదిలేసి పోయాడనే అంటారు. కదలకపోతే? అప్పుడూ ఏదో ఒకటి అంటారు. కానీ తోక ఇంకా ఇటు తిరగలేదు. తోక తిరిగేదాకా కదలకూడదు. అంతే.

గీత వేసే బండి మెల్లగా దగ్గరికొచ్చింది. దాన్ని తోసేవాడు బక్కపలచటి మనిషి, మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"పెద్దాయనా, బండి కాస్త పక్కకి తియ్యండి."

"తియ్యను."

"అదేంటి? గీత మీరున్న చోటు నుంచే పోవాలి."

"జట్టువాళ్ళు రావాలి. లోపలికి జరిగితే బంకు గోడ చాటు. బయటికి జరిగితే లారీలు. రెండు దార్లకీ కనపడేది ఇక్కడే."

"ఎటు పోయారు మీవాళ్ళు? ఇందాక బర్రున పోయినవాళ్ళేనా?"

మేస్త్రి క్వారీ వైపు చూపించాడు.

"మరి మీరు ఎటు పొమ్మన్నారు?"

మేస్త్రి ఆనకట్ట వైపు చూపించాడు.

రంగుబండివాడికి నవ్వు ఆగలేదు. "మా ఇంట్లో నా మాట కూడా ఇంతే వింటారు లెండి. అయినా మీరు కదలాలి. రంగు మరుగుతోంది, ఇక్కడ ఆపితే గొట్టంలో గడ్డకడుతుంది. నా ఉద్యోగం పోతుంది."

"నాదీ అదే," అన్నాడు మేస్త్రి.

రంగుబండివాడు ఆయన ముఖంలోకి చూశాడు. వెటకారం కనపడలేదు. తల గోక్కున్నాడు. "పోనీ, కాళ్ళు పైకి పెట్టుకోండి. కాలితే నాది పూచీ కాదు."

మేస్త్రి స్కూటరెక్కి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. రంగుబండి వెనక చక్రం దాకా గీత వేసుకుంటూ వచ్చింది. చక్రాన్ని ఆనుకుని ఆగింది. రంగుబండివాడు దాన్ని చుట్టూ తిప్పి, ముందు చక్రం ఆనుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆ రోజు మేస్త్రికి చెయ్యి ఊపిన మొదటి మనిషి అతనే.

ఎండ ఎక్కింది. మోకాలు సలపడం మొదలైంది. మేస్త్రి లేస్తూ, కూర్చుంటూ, చెయ్యి మాత్రం ఏ బండి చప్పుడైనా చాపుతూ ఉన్నాడు. కంకర లారీవాళ్ళకి కూడా దారి చూపించాడు. వాళ్ళకి అక్కర్లేదు.

ముందుగా బావ వచ్చాడు, ఆనకట్ట వైపు నుంచి. ఒంటరిగా. కాఫీ చల్లారిపోయేదాకా చూసి, ఇక ఉండలేక వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎక్కడ చచ్చారు రా అందరూ?"

"క్వారీకి పోయారు."

"ఎందుకు?"

"నేను పొమ్మనలేదు."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడ."

"ఇక్కడుంటే వాళ్ళు అక్కడికెందుకు పోతారు?"

అంతలో క్వారీ వైపు నుంచి హోరు వినపడింది. ఒక్కొక్కరే వచ్చి ఆగారు. మనుషులూ బళ్ళూ కంకర దుమ్ముతో తెల్లగా, బావ బట్టీలోంచి లేచొచ్చినట్టున్నారు. లోపలి గుంటలో దారి వెతుక్కుంటూ తిరిగి, గేటు కాపలావాడితో తిట్లు తిని వచ్చారు.

పళ్ళ డాక్టరు హెల్మెట్టు తీశాడు. "నేను ముందే చెప్పాను. మూల మీద ఎవరూ లేరు!"

"లేరు," అన్నారు వెనకున్నవాళ్ళు. "మేమూ చూడలేదు."

బావ బావమరిది వైపు తిరిగాడు. ఇప్పుడు గొంతు తగ్గింది. అరిచినప్పటికన్నా అదే బాగోలేదు. "కాలు నొప్పని ఎక్కడైనా కూర్చున్నావా? కూర్చుంటే కూర్చున్నానని చెప్పు. తిట్టను."

"నిలబడ్డాను బావా."

"ఇంతమంది కళ్ళూ ఒకేసారి పోయాయా?"

మేస్త్రి స్కూటరుని స్టాండు మీద నుంచి దించాడు. ముందుకి తోశాడు. స్కూటరున్న చోట తెల్ల గీత లేదు. అటూ ఇటూ కొత్తగా తళతళలాడుతూ ఉంది. మధ్యలో స్కూటరంత ఖాళీ. ఖాళీకి రెండు చివరలా గీత చక్రం గుండ్రానికి సరిపోయేట్టు వంపు తిరిగి ఉంది.

అందరూ దాని వైపు చూశారు. లెక్కల టీచరు బండి దిగి వంగి చూశాడు. వేలితో తాకాడు. గట్టిపడిపోయింది.

"మనం పోయేటప్పుడు గీత ఇంకా ఇక్కడిదాకా రాలేదు," అన్నాడు. "అప్పుడు రంగుబండి ఇంకా అదిగో, ఆ స్తంభం దగ్గరే ఉంది." లేచి మేస్త్రి కోటు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మారింది. "ఒరేయ్. ఆ చేతులు ఊపినవాడివి నువ్వా?"

"నేనే."

"నిన్ను చూశాను రా! రోడ్డు పనివాడనుకున్నాను. నారింజ కోటు, పక్కన స్కూటరు... మూల మీద మోటారు సైకిలు కోసం చూశాను గాని..."

ఇంకెవరో అన్నారు, "నేను లిఫ్టు అడుగుతున్నాడనుకున్నా."

పళ్ళ డాక్టరు దుమ్ము దులుపుకుంటున్నాడు. "చెయ్యి అడ్డంగా చాపాడు. రంగు ఆరలేదు, ఇటు రావద్దంటున్నాడేమో అని... నేరుగా పోయాను." తల ఎత్తాడు. "కానీ నేను చెప్పేదీ అదేగా! స్కూటరుంటే కనపడదు. మనకి మూల మీద పెద్ద బండి చూడ్డమే అలవాటు. తప్పు మేస్త్రిగారిది కాదు, ఒప్పుకుంటా. స్కూటరుది."

కొందరు తలలూపారు. మాటలో నిజం లేకపోలేదు. బావ గడ్డం గీరుకున్నాడు. ఇబ్బంది వచ్చింది, అందరూ ఆగారు. పెట్టిన షరతు ప్రకారం మేస్త్రి ఆదివారాలు ఇక ఇంట్లోనే.

మేస్త్రి కూడా అదే లెక్క వేసుకున్నాడు. స్కూటరు హ్యాండిలు పట్టుకుని నిలబడి, రోజుకి సరిపోయేంత మాట్లాడాడు.

"మూల మీద నిలబడమన్నారు, నిలబడ్డాను. చూసి తిరగమన్నారు, మీరు తిరగలేదు. ఎవరు మానాలో నువ్వే చెప్పు బావా. నువ్వు ఇంట్లో ఉండమంటే ఉంటాను."

ఒక ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. బావ ఆ ఖాళీ దగ్గరికి నడిచి, రెండు వంపుల మధ్యా నిలబడ్డాడు. ఆనకట్ట వైపు చూశాడు, క్వారీ వైపు చూశాడు. అక్కణ్ణించి రెండూ బాగా కనపడుతున్నాయి.

"నేనూ అద్దం చూడలేదు," అన్నాడు. "ఒక్కసారి చూసుంటే తెలిసేది." తర్వాత జట్టు వైపు తిరిగాడు. "పదండి, కాఫీ తాగుదాం. వచ్చే ఆదివారం కూడా వీడే రెండో బండి."

"స్కూటరా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"మా బావమరిది," అన్నాడు బావ. "నీ కళ్ళకి కూడా ఒక డాక్టరున్నాడేమో కనుక్కో."

నవ్వులు లేచాయి. పళ్ళ డాక్టరు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. లెక్కల టీచరు ఎడమకి తిరిగి ఆగాడు. అప్పుడు మేస్త్రి మూల వదిలి ఆయన ముందు కలిశాడు.

ఇంటికొచ్చాక భార్య మోకాలికి కాపడం పెడుతూ అంతా విన్నది. అంటే నాలుగు మాటలు విన్నది, మిగతాది అక్క ఫోనులో చెప్పింది.

"అయితే అంతా నా కోటు వల్లనేగా! పోనీ, నల్లదే వేసుకుంటారా ఈసారి?"

"వద్దు," అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు వాళ్ళకి తెలిసింది కదా."

తర్వాతి ఆదివారం బావ పెట్రోలు బంకు దగ్గర ఎడమకి తిరుగుతూ అద్దంలో చూశాడు. మేస్త్రి స్కూటరుని మూల మీదికి తెచ్చి, తెల్ల గీతలోని ఖాళీలో పెట్టి స్టాండు వేశాడు. ముందు చక్రం ఒక వంపులో, వెనక చక్రం రెండో వంపులో సరిగ్గా కూర్చున్నాయి. చెయ్యి చాపాడు.

మలుపు తిరిగి పళ్ళ డాక్టరు వచ్చాడు. ఈసారి చాలా ముందు నుంచే వేగం తగ్గించాడు. అవసరం లేనంత తగ్గించాడు. దగ్గరికొచ్చి, హెల్మెట్టులోంచి అరిచాడు.

"ఇటేనా మేస్త్రిగారూ?"

"ఇటే."

పళ్ళ డాక్టరు కాలు బయటికి చాపి, ఎడమకి తిరిగాడు. వెనకవాళ్ళు కూడా ఒక్కొక్కరే కాలు చాపి తిరిగారు. మేస్త్రి చెయ్యి అలాగే చాపి, ఆకుపచ్చ కోటు కోసం చూస్తూ నిలబడ్డాడు.